నచ్చని పిల్లవాడే కథానాయకుడైతే: హాస్య కథల గురించి అపోహలు, వాస్తవాలు

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల కోసం హాస్య కథలు రాసి, నెల్లూరు, ఒంగోలు బడుల్లో చదివి వినిపిస్తుంటాను. కథానాయకుడు స్వార్థపరుడో గొప్పల కోరో అయితే చాలు, పెద్దలు అభ్యంతరం చెబుతారు.

అపోహ: అలాంటి కథలు చదివితే పిల్లలకూ ఆ బుద్ధులే వస్తాయి.

వాస్తవం: వాడు చెప్పేది ఒకటి, జరిగేది మరొకటి. ఆ తేడాను పిల్లలు ఇట్టే పట్టేస్తారు, నవ్వు పుట్టేది అక్కడే. నా కథలో ఒకడు రొట్టెల పండుగకు వెళతాడు. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు అందుకుంటారు. వీడికి వచ్చింది ముప్పయ్యో ర్యాంకు. అయినా మోకాలి లోతు నీళ్లలో నిలబడి “ఫస్టు ర్యాంకు రొట్టె!” అని అరుస్తాడు. కూతురి కోసం ఆ రొట్టెకు చెయ్యి చాచింది సాక్షాత్తూ వాడి లెక్కల మాస్టారు.

“నీకు ఫస్టు ర్యాంకు ఎప్పుడు వచ్చిందిరా?”

“ఇది వచ్చే ఏడాదిది సార్.”

తరగతి గొల్లుమంటుంది. ఒక్కరూ వాడి పక్షం కాదు. కానీ తర్వాత ఏమైందో చెప్పకుండా నన్ను కదలనివ్వరు.

అపోహ: ఇది మన సంప్రదాయం కాదు.

వాస్తవం: ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగు 1950ల నాటివాడు. పెద్దలను లెక్కచేయకుండా తన గొప్పలు తానే చెప్పుకున్నాడు.

అపోహ: అలాంటివాడు పిల్లలకు నచ్చడు.

వాస్తవం: కార్లో కొల్లోడీ 1881లో ఇటలీలోని ఒక పిల్లల పత్రికలో పినోకియో కథ మొదలుపెట్టాడు. మాట వినని ఆ కొయ్యబొమ్మను 15వ అధ్యాయంలో ఉరితీయించి కథ ముగించాడు. పాఠకులు ఒప్పుకోలేదు. కథ కొనసాగించక తప్పలేదు, 1883లో పుస్తకమైంది.

అపోహ: నవ్వు వస్తే చాలు, వాడు ఏం చేసినా చెల్లుతుంది.

వాస్తవం: ఇది మా రచయితల అపోహ, అన్నింటికన్నా చేటు చేసేది ఇదే. తనకంటే బలహీనుణ్ణి ఏడిపించి గెలిచేవాడి కథ నాకు వద్దు. నత్తి ఉన్న పిల్లవాణ్ణి వెక్కిరించి నవ్వించే పేరా ఎంత బాగా కుదిరినా కొట్టేయాల్సిందే, ఆ నత్తి ఉన్న పిల్లవాడు మన ముందు బెంచీలోనే ఉండవచ్చు. దెబ్బ ఎప్పుడూ కథానాయకుడికే తగలాలి. వాడు చివరికి మారకపోయినా ఫరవాలేదు, ఎందుకలా చేస్తున్నాడో మాత్రం తెలియాలి. రొట్టె పట్టుకున్నవాడి నాన్న, ఇంటికి ఎవరు వచ్చినా అక్క మార్కులు మాత్రమే చెబుతాడు. ఆ ఒక్క వాక్యాన్ని నేను చెరువు దగ్గరి అబద్ధానికి ముందే పెడతాను.