మపూటో కోటలోని పోర్చుగీసు రౌతు వెనుక చరిత్ర

మొజాంబిక్ రాజధాని మపూటోలో సముద్రతీరాన ఉన్న పాత కోట ప్రాంగణంలో గుర్రం మీద కూర్చున్న ఒక పోర్చుగీసు సైనికాధికారి కంచు విగ్రహం ఉంది. ఆ అధికారి 1895లో బందీగా పట్టుకున్న గాజా రాజు గుంగున్యాన అవశేషాల కోసం చేయించిన నగిషీ చెక్కడాల కొయ్య శవపేటిక కూడా అదే కోటలో ఉంది. పట్టుకున్నవాడి విగ్రహమూ పట్టుబడినవాడి పేటికా ఒకే ప్రహరీ లోపలికి ఎలా చేరాయో తెలియాలంటే జువాకిం ఆగుస్తు మౌజీన్యు ద అల్బుకర్క్ అనే ఆ అధికారి జీవితాన్ని తెలుసుకోవాలి. దానితోపాటు, ఆ జీవితాన్ని వీరగాథగా చెప్పుకోవలసిన అవసరం పోర్చుగల్‌కు ఎందుకు కలిగిందో కూడా చూడాలి. ఈ రెండింటిలో రెండోదే ముఖ్యమని నా అభిప్రాయం.

మౌజీన్యు 1855 నవంబరు 12న మధ్య పోర్చుగల్‌లోని బతాల్యా ప్రాంతంలో జన్మించాడు. గోవాను 1510లో ఆక్రమించిన అఫోన్సో ద అల్బుకర్క్ మన పాఠ్యపుస్తకాల వల్ల తెలుగు పాఠకులకు పరిచితుడే. ఈయన అతని తరువాత మూడున్నర శతాబ్దాలకు పుట్టిన వేరే మనిషి. తాత లూయిస్ ద సిల్వా మౌజీన్యు ద అల్బుకర్క్ ఉదారవాద రాజకీయ నాయకుడు, ఇంజనీరు. 1846 నాటి అంతర్యుద్ధంలో తగిలిన గాయాలతో మరణించాడు. మనుమడు సైనిక విద్యాలయంలో చదివి అశ్వికదళంలో అధికారి అయ్యాడు. వలస రాజ్యాల అనుభవం ఆయనకు మొదట ఆఫ్రికాలో కాదు, భారతదేశంలోనే కలిగింది. 1886లో గోవా వచ్చి మార్మగోవా రైలుమార్గ నిర్మాణ పర్యవేక్షణలో పనిచేశాడు, తరువాత అక్కడి ప్రభుత్వానికి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 1890లో మొజాంబిక్ దక్షిణ భాగంలోని లోరెన్సో మార్కెస్ జిల్లాకు గవర్నరుగా వెళ్లి 1892 వరకు ఉన్నాడు. నేటి మపూటోకు పోర్చుగీసు పాలనలో ఉన్న పేరే లోరెన్సో మార్కెస్.

ఆయన గవర్నరుగా అడుగుపెట్టిన ఆ 1890వ సంవత్సరమే పోర్చుగల్‌కు మానని గాయం మిగిల్చింది. 1884–85 బెర్లిన్ సమావేశం తరువాత యూరపు దేశాలు ఆఫ్రికాను పంచుకుంటున్న సమయంలో, పడమటి తీరంలోని అంగోలా నుంచి తూర్పు తీరంలోని మొజాంబిక్ దాకా మధ్య భూమి అంతా తమదేనని పోర్చుగల్ గులాబీ రంగు వేసిన పటం ఒకటి ప్రకటించింది. దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి ఉత్తరానికి దారి కోరుకుంటున్న బ్రిటన్‌కు అది అడ్డం. 1890 జనవరి 11న బ్రిటన్ తుది హెచ్చరిక పంపింది, లిస్బన్ ప్రభుత్వం అదే రోజు లొంగిపోయింది. ఆ అవమానంతో నగరాల్లో ఆందోళనలు చెలరేగాయి, మంత్రివర్గం కూలింది, మరుసటి ఏడాది జనవరి 31న పోర్టో నగరంలో రాచరికానికి వ్యతిరేకంగా సైనిక తిరుగుబాటు జరిగింది. ఇప్పటి పోర్చుగల్ జాతీయ గీతం కూడా ఆ హెచ్చరికకు జవాబుగా పుట్టిన పాటే. 1892 నాటికి ఖజానా అప్పులు తీర్చలేని స్థితికి చేరింది. అటువంటి దేశం ఒక విజయం కోసం, ఒక వీరుడి కోసం ఎదురుచూడడంలో ఆశ్చర్యం లేదు.

ఎదుటి పక్షాన ఉన్న గాజా రాజ్యం చిన్నదీ కాదు, తీర్చిదిద్దిన ఆదర్శ రాజ్యమూ కాదు. (పాలస్తీనాలోని గాజాకూ దీనికీ సంబంధం లేదు.) జులూ రాజ్య విస్తరణ కాలంలో ఓడిపోయి ఉత్తరానికి వలస వచ్చిన న్గూనీ నాయకుడు సొషంగానె 1820ల్లో దీనికి పునాది వేశాడు. ఆయన మరణం తరువాత కొడుకుల మధ్య సాగిన వారసత్వ యుద్ధంలో ముజీలా గెలిచాడు. ముజీలా కొడుకే గుంగున్యాన. 1884లో సింహాసనం ఎక్కి, 1889లో రాజధానిని ఉత్తరాన ఉన్న కొండల నుంచి లింపోపో నది దిగువన ఉన్న మంజకాజెకు మార్చాడు. ఆ మార్పులో వేలాది మంది ప్రజలు ఆయన వెంట నడిచివచ్చారు. వారు వచ్చి స్థిరపడిన నేల చాలావరకు చోపీ ప్రజలది. చోపీలకూ గాజా సైన్యానికీ మధ్య అప్పటి నుంచి ఎడతెగని యుద్ధం నడిచింది, ఓడినవారు బానిసలయ్యారు. పోర్చుగీసువారు వచ్చినప్పుడు చోపీలలో అనేకులు ఎవరి పక్షాన నిలిచారో అర్థం కావాలంటే ఈ గతం గుర్తుండాలి.

గుంగున్యాన రాజకీయ చతురత గలవాడు. పోర్చుగీసు ప్రతినిధిని తన రాజధానిలో ఉండనిస్తూనే, బ్రిటిష్ వ్యాపారి సెసిల్ రోడ్స్ స్థాపించిన బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీతోనూ ఒప్పందం చేసుకున్నాడు. ఆ కంపెనీ 1891లో లింపోపో మీదుగా ఓడలో 1,000 తుపాకులు, 20,000 తూటాలు పంపింది. బ్రిటిష్ రక్షణ కోరుతూ ఆయన లండన్‌కు దూతలనూ పంపాడు. కానీ 1891 జూన్‌లో బ్రిటన్, పోర్చుగల్ సరిహద్దుల ఒడంబడిక చేసుకున్నప్పుడు గాజా రాజ్యంలో అత్యధిక భాగం పోర్చుగల్ వాటాలోకి వెళ్లింది. ఆ ఒడంబడికలో గాజా రాజు ప్రమేయం లేనేలేదు.

యుద్ధానికి నిప్పు మాత్రం గాజాలో కాక లోరెన్సో మార్కెస్ పరిసరాల్లో పుట్టింది. ఆ రేవు విలువ అప్పటికి చాలా పెరిగింది. పొరుగున దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో 1886లో బంగారం బయటపడింది, అక్కడి నుంచి ఈ రేవుకు రైలుమార్గం వేస్తున్నారు, నౌకాశ్రయం కోసం బ్రిటన్ కాచుకుని ఉంది. రోంగా ప్రజలు గుడిసె పన్నుకూ అధికారుల జోక్యానికీ వ్యతిరేకంగా 1894లో తిరగబడి అక్టోబరులో పట్టణం మీదే దాడి చేశారు. లిస్బన్ రాజప్రతినిధిగా పంపిన అంతోనియు ఎనెష్ 1895 ఫిబ్రవరి 2న మరాక్వెనె వద్ద వారిని ఓడించాడు. వారి నాయకులు మహజూల్, జిషాషాగా పేరుపడ్డ మతిబెజానా పారిపోయి గుంగున్యానను ఆశ్రయించారు. శరణు కోరినవారిని అప్పగించడానికి రాజు నిరాకరించడంతో, ఎనెష్‌కు కావలసిన కారణం దొరికింది.

ఈ ఘట్టంలో గోవాకూ పాత్ర ఉంది. పోర్చుగీసు వారి మొజాంబిక్ 1752 వరకు గోవా నుంచే పాలింపబడిన ప్రాంతం. ఆ అలవాటు కొనసాగిందో ఏమో, ఈ తిరుగుబాటును అణచడానికీ గోవాలోని మరాఠా సైనికులను పంపాలని ప్రభుత్వం ఆదేశించింది. తమ కుటుంబాల పోషణకు భరోసా లేకుండా సముద్రం దాటబోమని 1895 సెప్టెంబరులో ఆ సైనికులు తిరగబడ్డారు, గోవాలోని సత్తరి ప్రాంతపు రాణే వంశీయులు వారితో చేతులు కలిపారు. ఆ తిరుగుబాటును అదుపు చేయడానికి పోర్చుగల్ రాజు సోదరుడు అఫోన్సో సేనతో గోవా రావలసి వచ్చింది. ఆఫ్రికాలోని ఒక రాజ్యాన్ని నేలమట్టం చేసే పనికి నిరాకరించిన ఆ సైనికుల గురించి మన దేశంలో ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలి.

అశ్వికదళంతో మౌజీన్యు మళ్లీ మొజాంబిక్ చేరింది ఈ యుద్ధానికే. 1895 సెప్టెంబరు 8న మగూల్ వద్ద, నవంబరు 7న కొలేలా వద్ద జరిగిన పోరాటాలు ఫలితాన్ని తేల్చేశాయి. కొలేలాలో చతురస్రాకారంలో నిలబడ్డ కొన్ని వందల మంది పోర్చుగీసు సైనికులు, వేలాదిగా వచ్చిన గాజా యోధులను తిరిగి నింపకుండానే వరుసగా కాల్చగల తుపాకులతోనూ మరతుపాకులతోనూ గంటలోపే చెదరగొట్టారు. నాలుగు రోజుల తరువాత, నవంబరు 11న మంజకాజె రాజధానిని తగలబెట్టారు. యోధులు తమ ఊళ్లకు వెళ్లిపోయారు, లోబడి ఉన్న ప్రజలు ఒక్కొక్కరే రాజును విడిచారు. కొలేలాలో పోర్చుగీసు దళాన్ని నడిపింది కర్నల్ ఎదువార్దు గల్యార్దు. మౌజీన్యు అందులో అశ్వికదళానికి నాయకుడు మాత్రమే. గాజా సైనికశక్తి విరిగింది ఆ రోజునే, తరువాత రాజు పట్టుబడిన చైమిత్ గ్రామంలో కాదు.

డిసెంబరు 10న ఎనెష్ గాజాను సైనిక జిల్లాగా ప్రకటించి కెప్టెన్ మౌజీన్యును దానికి గవర్నరుగా నియమించి, తాను స్వదేశానికి బయలుదేరాడు. రాజు దొరకలేదు, వర్షాకాలం వచ్చేసింది. మౌజీన్యు ఆగలేదు. యాభై మంది దాకా పోర్చుగీసు సైనికులను, దారిలో పెరుగుతూ వచ్చిన స్థానిక సహాయక బలాన్ని వెంటబెట్టుకుని, ఎండకూ వానకూ వెరవక మూడు రోజులు నడిచి, డిసెంబరు 28 ఉదయానికి చైమిత్ చేరాడు. అది సొషంగానె సమాధి ఉన్న పవిత్ర గ్రామం. అప్పటికే గుంగున్యాన శరణార్థి జిషాషాను అప్పగించి ఉన్నాడు; దండు దగ్గరకు వస్తున్నప్పుడు కొడుకు గొదిదె చేత ఏనుగు దంతాలూ డబ్బూ పంపి సంధి కోరాడు. మౌజీన్యు అన్నీ తీసుకున్నాడు, నడక ఆపలేదు. కర్రల కంచె సందులోంచి కత్తి దూసి లోపలికి దూరి, రాజును పేరు పెట్టి పిలిచి, చేతులు కట్టించి, ప్రజలందరి ఎదుటా నేల మీద కూర్చోబెట్టాడు. రాజు పినతండ్రి కేటోనూ సలహాదారు మన్యూనెనూ అక్కడికక్కడే కాల్చి చంపించాడు. విచారణ లేదు. ఈ దృశ్యం మనకు తెలిసేది ప్రధానంగా మౌజీన్యు స్వయంగా రాసిన నివేదిక ద్వారానే. ఆ నివేదికలో ధైర్యం ఉంది, నేను దాన్ని కాదనను. కంచె లోపల సాయుధులు చాలామంది ఉన్నారు, వారు ఎదురుతిరిగి ఉంటే ఆ చిన్న దండు మిగిలేది కాదు. కానీ వారు ఎదురుతిరగకపోవడానికి కారణం ఒక్క కత్తి మెరుపు కాదు. ఏడు వారాల కిందటి కొలేలా ఓటమి, తగలబడిన రాజధాని, విడిపోయిన సామంతులు, ఆకలి అందుకు కారణాలు. లిస్బన్‌కు చేరిన కథలో ఈ కారణాలు మిగల్లేదు. యాభై మంది ఒక చక్రవర్తిని పట్టుకున్నారన్న ఒక్క వాక్యమే మిగిలింది. ఆరేళ్ల కిందటి అవమానానికి అది మందుగా పనిచేసింది.

బందీలను ఓడలో తెచ్చి 1896 మార్చి 13న లిస్బన్‌లో దింపి, గుమిగూడిన జనం మధ్య ఊరేగించి మొంసాంతు కోటలో పెట్టారు. రాజు వెంట వచ్చిన ఏడుగురు భార్యలను ఆయన నుంచి వేరు చేసి సావ్ తోమె దీవికి పంపేశారు. గుంగున్యాన, కొడుకు గొదిదె, పినతండ్రి మొలుంగు, జిషాషా అనే నలుగురిని అట్లాంటిక్ నడుమ అజోర్స్ దీవుల్లోని తెర్సైరాకు ప్రవాసం పంపారు. అక్కడ చదవడం, రాయడం నేర్పారు. 1899లో బాప్తిస్మం ఇచ్చి రాజుకు రైనాల్దు ఫ్రెదెరీకు అని పేరు పెట్టారు. 1906 డిసెంబరు 23న మెదడులో రక్తస్రావంతో ఆయన అక్కడే మరణించాడు. జిషాషా 1927 దాకా ఆ దీవిలోనే బతికాడు. ఆ నలుగురిలో ఎవరూ ఇల్లు చేరలేదు.

మౌజీన్యు మేజరుగా, వెంటనే మొజాంబిక్ గవర్నర్ జనరల్‌గా ఎదిగాడు. 1896 చివరలో రాజప్రతినిధి అధికారాలూ దక్కాయి. పాలకుడిగా ఆయన లక్షణం స్పష్టం: సైన్యం చేతిలో జిల్లాలు, గుడిసెకు ఇంత అని పన్ను, లిస్బన్ జోక్యం లేని ఏకహస్త పాలన. మొజాంబిక్ దీవికి ఎదురుగా ఉన్న నమరాయ్ ప్రజల మీద ఆయన చేసిన దండయాత్ర పూర్తిగా ఫలించలేదు. దక్షిణాన గుంగున్యాన సేనాని మగిగ్వానా 1897లో తిరుగుబాటు లేవదీశాడు. పశువుల మహమ్మారి మందలను తుడిచిపెట్టిన కాలమది. దాని మీద పన్నుల భారం. మౌజీన్యు స్వయంగా వెళ్లి జులై 21న మకొంతెనె వద్ద ఆ సేనను ఓడించాడు, ఆగస్టులో మగిగ్వానా చనిపోయాడు. గాజా కథ యుద్ధరంగంలో నిజంగా ముగిసింది అప్పుడే. ఆ ఏడాది చివర ఐరోపాకు వచ్చినప్పుడు ఆయనకు విజేత స్వాగతం లభించింది. కానీ 1898 జులైలో లిస్బన్ ప్రభుత్వం రాజప్రతినిధి అధికారాలను కుదించగానే పదవికి రాజీనామా చేశాడు. రాజు కార్లుష్ ఆయనను యువరాజు లూయిస్ ఫిలిప్పెకు సంరక్షకుడిగా నియమించాడు. ఈ రాజ్యం సైనికుల సృష్టి అని ఆ బాలుడికి రాసిన లేఖ తరువాతి తరాల పాఠశాలల దాకా వెళ్లింది. రాజకీయ నాయకులతో పొసగక, ఆస్థాన జీవితంలో ఇమడక, 1902 జనవరి 8న లిస్బన్‌లో బగ్గీలో కూర్చుని తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. ఆయన పెంచిన యువరాజు 1908లో తండ్రితో పాటే హత్యకు గురయ్యాడు, 1910లో రాచరికమే పోయింది.

రాచరికం పోయినా వీరుడు పోలేదు. 1930ల నుంచి పోర్చుగల్‌ను ఏలిన సలజార్ నియంతృత్వానికి ఆయన ఇంకా బాగా పనికివచ్చాడు. రాజకీయ నాయకులను అసహ్యించుకుని, సామ్రాజ్యాన్ని ప్రేమించి, ఆత్మార్పణ చేసుకున్న సైనికుడు అన్న చిత్రం ఆ పాలనకు అతికినట్టు సరిపోయింది. 1940లో లోరెన్సో మార్కెస్ నగరసభ భవనం ముందు చౌక్‌లో ఆయన గుర్రపు విగ్రహాన్ని, గుంగున్యాన పట్టివేతను చూపే కంచు ఫలకాలతో సహా ప్రతిష్ఠించారు. చైమిత్ అన్న పేరు పోర్చుగీసు సైన్యపు సాయుధ శకటానికీ పెట్టారు. 1974 ఏప్రిల్ 25న సైనికులు నియంతృత్వాన్ని కూల్చినప్పుడు, సలజార్ వారసుడు మార్సెలు కయెతానును లిస్బన్ బ్యారక్‌ల నుంచి బయటికి తరలించింది ఒక చైమిత్ శకటంలోనే.

1975లో స్వాతంత్ర్యం వచ్చాక విగ్రహాన్ని చౌక్ నుంచి దించి, ధ్వంసం చేయకుండా కోటలోకి చేర్చారు. ఆ చౌక్ ఇప్పుడు స్వాతంత్ర్య చౌక్. పదేళ్లకు, 1985 జూన్‌లో, గాజా ప్రాంతంలోనే పుట్టిన అధ్యక్షుడు సమోరా మాషెల్ ప్రభుత్వం తెర్సైరా నుంచి గుంగున్యాన అవశేషాలను తెప్పించి ప్రతిఘటన వీరుడిగా గౌరవించింది. తెచ్చింది ఎముకలు కావు, శ్మశానపు మట్టేనన్న వాదం అప్పుడే మొదలైంది. అంతకంటే లోతైన అభ్యంతరం చోపీల నుంచి వచ్చింది: తమ తాతలను బానిసలుగా చేసిన రాజు మొత్తం జాతికి వీరుడు ఎలా అవుతాడని. ఈ ప్రశ్న న్యాయమైనదే. పోర్చుగీసు వీరగాథ కొలేలాను మరిపించినట్టే, కొత్త దేశపు వీరగాథ చోపీలను మరిపించింది.

విగ్రహం గురించీ పేటిక గురించీ నడిచిన ఇంత వాదంలో నాకు లోటుగా కనిపించేది మరొకటి ఉంది. మౌజీన్యు పాలనలోనే, 1897లో, ట్రాన్స్‌వాల్ గనులకు మొజాంబిక్ మనుషులను చేర్చుకునే పద్ధతిని నిబంధనలుగా రూపొందించారు. రెండేళ్లకు ఎనెష్ ఆలోచనలతో వచ్చిన శ్రమ చట్టం, పని చేయడం ఆఫ్రికన్ల నైతిక, చట్టపరమైన బాధ్యత అని ప్రకటించి నిర్బంధ శ్రమకు తలుపు తెరిచింది. గుడిసె పన్ను కట్టడానికి డబ్బు కావాలి, డబ్బు గనుల్లో దొరుకుతుంది. రాజ్యం పోయిన గాజా యువకులు ఆ దారి పట్టారు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి దశాబ్దంలో ట్రాన్స్‌వాల్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లోని ఆఫ్రికన్ కార్మికులలో సగానికి పైగా మొజాంబిక్ నుంచి వెళ్లినవారే. 1928 నాటి ఒప్పందం గనుల్లో ఉండగల మొజాంబిక్ కార్మికుల సంఖ్యకు 80,000 అని పరిమితి పెట్టవలసినంతగా ఆ ప్రవాహం పెరిగింది. విగ్రహాన్ని 1975లో ఒక్క క్రేనుతో దించగలిగారు. గాజా నుంచి జొహానెస్‌బర్గ్‌కు వెళ్లే ఆ వలస స్వాతంత్ర్యం తరువాతా ఆగలేదు.