ఇంగ్లండ్ పాత బంగళాలు, వాటి బార్న్‌లు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత కట్టడాల వయసు, చరిత్ర తేల్చడం నా వృత్తి. పల్లెల్లోని జమీందారీ బంగళాలు, వాటి పక్కనే పంట దాచడానికి కట్టిన భారీ కొట్టాలు నా రోజువారీ పని. ఆ కొట్టాలనే ఇక్కడ బార్న్ అంటారు. యజమానులు ముందు ఇల్లు చూపిస్తామంటారు, నేను ముందు బార్న్‌లోకి వెళ్తాను. ఫ్యాషన్ మారినప్పుడల్లా ఇంటికి కొత్త ముస్తాబు చేశారు. బార్న్ జోలికి పెద్దగా ఎవరూ పోలేదు కాబట్టి అసలు కర్ర అక్కడే మిగిలింది.

అపోహ: ఈ దూలాలు పాత ఓడల నుంచి తెచ్చినవి.

దాదాపు ప్రతి ఊళ్ళో వినే కథ ఇది. కాస్త ఉత్సాహవంతులైతే 1588లో దండెత్తి వచ్చిన స్పెయిన్ నౌకాదళం కర్రే అంటారు. ఆ ఓడల్లో మునిగినవి ఎక్కువగా ఐర్లండ్, స్కాట్లండ్ తీరాల్లోనే. అక్కడి నుంచి బరువైన దూలాలను ఎడ్లబండ్ల మీద ఇంగ్లండ్ నడిబొడ్డుకు ఎవరు మోస్తారు, పక్క అడవిలోనే ఓక్ చెట్లు ఉండగా?

పైగా ఆనాటి వడ్రంగులు పచ్చి కర్రతోనే పనిచేసేవారు. ఏళ్ళ తరబడి ఎండిన ఓక్ ఉలికి లొంగదు. చెట్టు నరికిన ఏడాది, రెండేళ్ళలోనే చట్రం నిలబెట్టేవారు. కర్ర ఎండుతూ మెలితిరుగుతుంది. అందుకే పాత ఇళ్ళు వంకరగా కనిపిస్తాయి, అంతమాత్రాన కూలిపోతాయని టెన్షన్ పడక్కర్లేదు.

మరి దూలంలో ఏ పనీ లేకుండా మిగిలిన ఆ గాడులేమిటి? జనం వాటినే ఓడకు సాక్ష్యంగా చూపిస్తారు. మరో కర్రను దూర్చి చెక్క చీల బిగించడానికి తొలిచినవి అవి. ఒకప్పుడు అక్కడో అడ్డుగోడ ఉండి తీసేసి ఉండొచ్చు, లేదా ఆ దూలం అంతకుముందు పడగొట్టిన ఇంటిది కావచ్చు. టార్చిని గోడవారగా పెట్టి వెలుగు ఏటవాలుగా పడేలా చూస్తే అతుకుల దగ్గర రోమన్ అంకెల్లాంటి గీతలు కనిపిస్తాయి. నేల మీద చట్రం అమర్చి చూసుకుని, విప్పి, మళ్ళీ పైన బిగించేటప్పుడు ఏ కర్ర ఎక్కడికో తెలియడానికి వడ్రంగి పెట్టుకున్న గుర్తులవి.

ఓడ కర్రతో నిజంగా కట్టినవీ లేకపోలేదు. హాంప్‌షైర్‌లోని వికమ్‌లో 1820లో కట్టిన పిండిమర ఉంది, దాని దూలాలు చెసపీక్ అనే అమెరికన్ యుద్ధనౌకవి. అలాంటి చోట కథతో పాటు కాగితాలూ దొరుకుతాయి.

అపోహ: పెద్ద బార్న్ అంటే చర్చికి చెల్లించే పదో వంతు పంట దాచిన చోటు.

కొన్ని నిజంగా అవే. పేరున్న వాటిలో చాలావరకు మాత్రం భూస్వామి సొంత పంటకు కట్టినవి. గ్రేట్ కాక్స్‌వెల్ బార్న్ బ్యూలీ మఠం సొంత వ్యవసాయానిది. హీత్రూ విమానాశ్రయం పక్కన హార్మండ్స్‌వర్త్‌లో ఉన్న 58 మీటర్ల బార్న్‌ను విన్‌చెస్టర్ కాలేజీ తన భూముల పంట కోసం 1426-27లో కట్టించింది. కాలేజీ ఖర్చుల లెక్కలు ఇప్పటికీ ఉన్నాయి. దూలాల్లోంచి పెన్సిల్ లావు నమూనా తీసి, చెట్టులో ఏటా ఏర్పడిన వలయాల వెడల్పులను కాలం తెలిసిన కర్రతో పోల్చి చూస్తే, చెట్లు 1424 చలికాలానికి, 1426 వసంతానికి మధ్య నరికినవని తేలింది. బెరడు పక్క చివరి వలయం చెక్కుచెదరకుండా ఉంటేనే ఇంత కచ్చితంగా చెప్పగలం. బయటి పొరలు పోయి నడిమి గట్టి కర్ర, అంటే చేవ, ఒక్కటే మిగిలితే ఫలానా ఏళ్ళ మధ్య అని అంచనా వేస్తాం, అంతే.

బార్న్ ఉత్త గోదాము కూడా కాదు. మనం పొలంలో కళ్ళం చేసుకుంటాం. ఇక్కడి వానలకు కళ్ళాన్నే కప్పు కిందికి తెచ్చుకున్నారు. రెండు పక్కలా పనలు పేర్చి, నడుమ నూర్చేవారు. ఎదురెదురుగా పెద్ద తలుపులు పెట్టింది బళ్ళ రాకపోకలకే కాదు, తూర్పారబట్టడానికి గాలి కావాలి కూడా.

అపోహ: ముఖభాగం వయసే ఇంటి వయసు.

డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ బంగళా చూడండి. బయటికి గ్రీకు, రోమన్ తరహాలో పక్కా క్లాసికల్ భవనం. 1550లలో కట్టిన ఇంటిని 1687 నుంచి 1707 దాకా ఒక్కో పక్కా మారుస్తూ వచ్చారు. మధ్యలో ఖాళీ ఆవరణ ఉన్న పాత ప్లాన్ లోపల అలాగే ఉండిపోయింది. ఇక కర్ర ఇళ్ళ మీది నలుపు తెలుపు చారలు చాలామటుకు 19వ శతాబ్దపు సోకు. అంతకుముందు ఓక్‌ను బూడిదరంగు తేలేలా వదిలేసేవారు, లేదా గోడతో కలిపి సున్నం కొట్టేవారు. నాకైతే ఆ బూడిదరంగే ఇష్టం.

అపోహ: మూసేసిన కిటికీ అంటే కిటికీ పన్నే కారణం.

ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత వేసే ఆ పన్ను 1696 నుంచి 1851 దాకా నిజంగానే ఉండేది. కానీ చుట్టూ ఉన్న ఇటుక వరుసలు మూసిన భాగంతో కలిసిపోయి ఉంటే అక్కడ కిటికీ ఎప్పుడూ లేనట్టే, ముఖభాగం రెండు వైపులా ఒకేలా ఉండాలని పెట్టిన ఉత్తుత్తి కిటికీ అది.

అపోహ: బంగళాకే రక్షణ, బార్న్‌ను ఏమైనా చేసుకోవచ్చు.

బంగళా పోయి బార్న్ మిగిలిన చోట్లూ ఉన్నాయి. హాంప్‌షైర్‌లోని బేసింగ్ హౌస్ అనే మహాభవనం ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, 1645లో, పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ చేతికి చిక్కాక నేలమట్టమైంది, ఇటుకలు ఊళ్ళోవాళ్ళు పట్టుకుపోయారు. దాని ఇటుక బార్న్ తూటాల దెబ్బలతో నేటికీ నిలబడి ఉంది. ఇక చట్టం మాట. రక్షిత జాబితాలో ఉన్న ఇంటి ఆవరణలో, దానికి అనుబంధంగా 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడానికి విడిగా నమోదు లేకపోయినా రక్షణ వర్తిస్తుంది. అనుమతి లేకుండా దాని రూపురేఖలు మార్చడం క్రిమినల్ నేరం. బార్న్‌ను ఇల్లుగా మార్చే ఆలోచన ఉన్నవాళ్ళు కొనకముందే స్థానిక కౌన్సిల్‌లోని కన్జర్వేషన్ ఆఫీసర్‌ను అడగండి.