కట్టకు అలుగే ప్రాణం

ప్రియమైన పిల్లలకు,

వాగుకు అడ్డంగా ఉన్న మట్టికట్టను చూసి, "నీళ్లను ఆపడానికే కదా తాతయ్యా?" అని అడిగారు. ఆపడం అందులో సగమే. ఉరకలేసే నీటిని కాసేపు నిలబెట్టి, మిగిలినదాన్ని నెమ్మదిగా సాగనంపడం దాని అసలు పని.

ఒక హెక్టారు నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 10,000 లీటర్ల నీరు. 100 హెక్టార్ల వాలు మీద 30 మిల్లీమీటర్లు కురిస్తే 3 కోట్ల లీటర్లు! నేల తాగింది పోగా మిగిలింది పైమట్టిని కోసుకుంటూ కిందికి దూకుతుంది. కట్ట దగ్గర నిలిచిందంటే మట్టి అడుగున పేరుకుంటుంది, నీరు భూమిలోకి దిగి దిగువ బావుల్లో ఊటవుతుంది. ఇసుక నేలైతే త్వరగా ఇంకుతుంది, బంకనేలైతే చాలా ఆలస్యం. అందుకే కట్ట ఎక్కడ వేయాలో ముందు నేలను చూసి తేల్చుకోవాలి.

మట్టిని కుప్పపోస్తే కట్ట కాదు. పునాదిలో కందకం తవ్వి బంకమట్టి నింపుతారు. ఆపైన తగినంత తడితో పలుచటి పొరలు వేస్తూ, ఒక్కో పొరనూ గట్టిగా అణగదొక్కుతారు. అయినా కొంచెం నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ ఊట మట్టిరంగుకు తిరిగితే మాత్రం లోపల కట్ట కరిగిపోతున్నట్టే. మీ కంటపడితే వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి, దగ్గరికి వెళ్లకండి. కట్ట మీద గడ్డి ఉంటే మంచిది. చెట్లు వద్దు, వాటి వేళ్లు ఎండిపోయాక నీటికి దారులవుతాయి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అలుగు. ఎక్కువైన నీరు పక్కనుంచి పోయే దారి అది. అది మూసుకుపోతే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది, మట్టికట్ట దానికి తట్టుకోలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ అనే పెద్ద మట్టి ఆనకట్ట ఉండేది. చేపలు పోకుండా దాని అలుగుకు జల్లెడలు బిగించారు, కట్ట ఎత్తు కూడా తగ్గించారు. 1889 మే 31న పెద్దవాన కురిసి, జల్లెడలకు చెత్త పట్టేసి, కట్ట తెగింది. 2,200 మందికి పైగా చనిపోయారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా, అలుగులో కంప పడి ఉంటే నా మనసు ఊరుకోదు.

ఎగువన వాలు బోడిగా ఉంటే ఎంత మంచి కట్టయినా కొన్నేళ్లకే పూడిపోతుంది. అక్కడ గడ్డి, చెట్లు పెంచాలి. పూడిక తీసి పొలాలకు తోలుకోవచ్చు గానీ, కట్ట అడుగు దగ్గర మాత్రం గడ్డపార వేయకూడదు.

మీ తాతయ్య