‘ఆ మాట దాని ముందు ఎత్తకండి’: టీవీ నాటకాలు, పిల్లల ఆత్మహత్యలపై అపోహలు - వాస్తవాలు

కౌమార వయసు పిల్లలను చూసే మానసిక వైద్యురాలిగా నేను తరచూ వినే మాట ఒకటుంది. అమ్మాయిని బయట కుర్చీలో కూర్చోబెట్టి, తల్లి ఒక్కతే లోపలికి వచ్చి, తలుపు పూర్తిగా పడిందో లేదో చూసుకుని, గొంతు తగ్గించి ఇలా అంటుంది: “డాక్టర్ గారూ, ఆత్మహత్య అన్న మాట మాత్రం దాని ముందు ఎత్తకండి. అమ్మాయి ఆత్మహత్య చేసుకునే ఆ సిరీస్ చూసినప్పటి నుంచి అదోలా ఉంటోంది. మనమే అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.” ఈ భయాన్ని నేను ఎన్నడూ తేలిగ్గా తీసుకోను, రాత్రిళ్లు పిల్ల గది తలుపుకు చెవి ఆనించి నిలబడే తల్లులు వీళ్లు. కానీ ఆ భయంతో నోరు కట్టేసుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: అడిగితే ఆ ఆలోచన వస్తుంది.

వాస్తవం: రాదు. ఈ ప్రశ్నపై వెలువడిన అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష 2014లో వచ్చింది. అడిగినందువల్ల ఆత్మహత్య ఆలోచనలు గణనీయంగా పెరిగినట్టు, పెద్దల్లో గానీ కౌమార వయస్కుల్లో గానీ, అందులో ఏ అధ్యయనమూ చూపలేదు; మాట్లాడటం వల్ల అవి తగ్గవచ్చుననే సూచనలే కనిపించాయి. మరి తెర మీద చూపితే ప్రమాదమని మీరే అంటారు కదా అని తల్లిదండ్రులు నన్ను నిలదీస్తారు. అంటాను. 1996లో బ్రిటన్‌లో ‘కాజువాల్టీ’ అనే ఆసుపత్రి సీరియల్‌లో ఒక పాత్ర తనకు తాను హాని చేసుకునే భాగం ప్రసారమైన తరువాత, అటువంటి కేసులు ఆసుపత్రులకు రావడం మొదటి వారంలో 17 శాతం, రెండో వారంలో 9 శాతం పెరిగింది. అక్కడ హాని చేసింది ఎలా చేసుకోవాలో చూపిన దృశ్యం. ఇంట్లో మీరు అడిగే ప్రశ్నలో పద్ధతీ ఉండదు, నేపథ్య సంగీతమూ ఉండదు. ఎదురుగా కూర్చుని జవాబు కోసం ఆగే ఒక మనిషి ఉంటారు.

ఎలా అడగాలన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, తోటివాళ్ల వేధింపులతో బడి మానేసిన ఒక కుర్రవాణ్ణి “పిచ్చి ఆలోచనలేవీ రావడం లేదు కదా?” అని అడిగాను. వాడు “లేదండీ” అన్నాడు. తరువాతి సిట్టింగ్‌లో నా పై వైద్యుడు “చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?” అని మామూలు గొంతుతో అడిగితే, కాసేపు చొక్కా గుండీ తిప్పుతూ కూర్చుని, “రోజూ” అన్నాడు. వాడు నాతో అబద్ధమాడలేదు. నేను వినదలుచుకున్న జవాబును నా ప్రశ్న చివరి ‘కదా’ ముందే చెప్పేసింది, వాడు దాన్ని తిరిగి నా చేతిలో పెట్టాడు, అంతే. కాబట్టి ‘కదా’ లేకుండా అడగండి. అవునంటే ఒట్లు వేయించుకోవద్దు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు. ఇంట్లోని ప్రమాదకరమైన వస్తువులను అందకుండా చేసి, పిల్లను ఒంటరిగా వదలకుండా, అదే రోజు వైద్యుల దగ్గరకు తీసుకురండి.

అపోహ: చనిపోతేనే అందరికీ బుద్ధి వస్తుంది.

వాస్తవం: ఈ అపోహ పిల్లలది, నాటకాలు దాన్ని పెంచి పోషిస్తాయి. ‘థర్టీన్ రీజన్స్ వై’ అనే అమెరికన్ సిరీస్‌లో చనిపోయిన అమ్మాయి వదిలి వెళ్లిన క్యాసెట్లలో ఆమె గొంతు చివరిదాకా వినిపిస్తూనే ఉంటుంది, బతికుండగా వినని వాళ్లందరూ అప్పుడు వింటారు. బాధలో ఉన్న పదిహేనేళ్ల పిల్లకు అంతకంటే ఆకర్షణీయమైన అబద్ధం మరొకటి ఉండదు. పోయినవాళ్లకు ఎవరు ఏడ్చారో చూసే వీలు లేదు. పైగా అందులో బడి కౌన్సెలర్‌కు చెప్పుకున్నా ఫలితం ఉండదు, దాంతో “మీరూ ఆ కౌన్సెలర్‌లాగే అంటారు” అని నా ఎదుటే అన్న పిల్లలున్నారు. 2017 మార్చి చివర విడుదలైన ఆ సిరీస్‌లోని ఆత్మహత్య దృశ్యాన్ని నెట్‌ఫ్లిక్స్ 2019 జులైలో తొలగించింది. విడుదల తరువాతి నెలలో అమెరికాలో 10-17 ఏళ్లవారి ఆత్మహత్యలు పెరిగాయని 2019లో ఒక అధ్యయనం తేల్చినా, అబ్బాయిల్లో ఆ పెరుగుదల సిరీస్ రాకముందే మొదలైందని 2020 నాటి పునఃపరిశీలన వాదించింది. అందుచేత “ఆ సిరీస్ చూసి ఇంతమంది పోయారట” అంటూ ఫోన్లలో తిరిగే సందేశాలను దయచేసి నాకు పంపకండి.

అపోహ: వేధింపులే ఆత్మహత్యకు ఏకైక కారణం.

వాస్తవం: అవి ప్రమాదాన్ని పెంచుతాయి. అయితే వేధింపులకు గురైన పిల్లల్లో అత్యధికులు బతికే ఉంటారు. కుంగుబాటు, నిద్రలేమి, ఇంటి పరిస్థితులు, అంతకుముందు చేసిన ప్రయత్నాలు అన్నీ కలిసి పనిచేస్తాయి.

అపోహ: నిజంగా అత్యాచారం జరిగితే అరిచేది, ఆ రోజే చెప్పేది.

వాస్తవం: పిల్లల కుంగుబాటు వెనుక ఒక్కోసారి అత్యాచారమూ ఉంటుంది, నాటకాలు దాని గురించీ అపోహలు పెంచుతాయి. నాటకాల్లో చీకటి సందు, ముక్కూమొహం తెలియని దుర్మార్గుడు, కేకలు ఉంటాయి. నా ముందు కూర్చునే పిల్లల విషయంలో ఆ మనిషి చాలావరకు తెలిసినవాడే. భయంతో ఒళ్లు కొయ్యబారి, గొంతు పెగలకపోవడం శరీరం తనంతట తాను చేసే పని. అది సమ్మతి కాదు. నెలల తరువాత, ఏళ్ల తరువాత బయటపెట్టడమూ మామూలే. “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అన్న ప్రశ్న విన్న పిల్ల ఇక ఏదీ చెప్పదు.

అపోహ: సిరీస్ ఆపేస్తే సరిపోతుంది.

వాస్తవం: కష్టకాలాన్ని దాటిన మనిషి కథ చూపితే మేలు జరగవచ్చని 2010లో వియన్నా పరిశోధకులు గుర్తించి, మోజార్ట్ సంగీత నాటకంలోని పాత్ర పేరిట దానికి పాపగేనో ప్రభావమని పేరు పెట్టారు. కాబట్టి కథలన్నిటినీ ఒకే గాటన కట్టనవసరం లేదు. పిల్ల ఇప్పటికే కుంగి ఉంటే ఆ సిరీస్ చూడనివ్వకండి, కారణం మాత్రం చెప్పండి. ఆ మధ్య ఒక అమ్మాయి నాతో, “అమ్మ నెట్ తీసేసింది, రిమోట్ దాచేసింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. నేను ఏదో తప్పు చేశాననుకున్నాను” అంది. తల్లి అప్పుడు బయట అదే కుర్చీలో, రిమోట్ ఉన్న చేతిసంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.