తలరాతా, పురుషకారమా: ఒక పాత తగవుకు నేపథ్యం

మనిషి చేసే పని అతని నిర్ణయమా, ముందే ఖరారైనదా అన్న తగవు ఈ నేలకు కొత్తది కాదు. బుద్ధుడి సమకాలికుడైన మక్ఖలి గోసాలుడు నియతివాదాన్ని మొహమాటం లేకుండా చెప్పాడు: పండితుడైనా మూర్ఖుడైనా 84 లక్షల మహాకల్పాలు తిరిగాకే దుఃఖం తీరుతుంది, దానం చేసినా తపస్సు చేసినా ఆ గడువు తగ్గదు, పెరగదు. వాదాలన్నిటిలోకీ ఇదే హీనమైనదని బుద్ధుడు నిరసించినట్లు బౌద్ధ గ్రంథం అంగుత్తర నికాయం చెబుతోంది. ప్రయత్నానికి ఫలితమే లేకపోతే భిక్షువుకు శీలమెందుకు, ధ్యానమెందుకు? విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, తొట్లకొండ మీద నేటికీ కనిపించే భిక్షువుల గదులూ రాతిలో తొలిచిన నీటి తొట్లూ ఆ ప్రయత్నాన్ని నమ్మినవారివే. అయినా గోసాలుడి బాట పట్టిన ఆజీవకులు అంత తేలిగ్గా పోలేదు. దక్షిణాదిన 14వ శతాబ్దం దాకా నిలిచారు.

వేదాంతులు మధ్యేమార్గం పట్టారు. ప్రారబ్ధం, అంటే ఫలితమివ్వడం మొదలైన పాత కర్మ, అనుభవించక తప్పదు; ఆగామి, అంటే ఇకపై పోగయ్యే కర్మ, మాత్రం ఇప్పటి నడతను బట్టి ఉంటుందన్నారు. (తలరాత అన్న మాట మన ఊళ్లో ఫలితాలు వచ్చాకే వినిపిస్తుంది గాని, కోచింగ్ ఫీజు కట్టేటప్పుడు కాదు.) ఈ వైఖరినే సర్వేపల్లి రాధాకృష్ణన్ 1926లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసాల్లో పేకాటతో పోల్చారు: చేతికొచ్చిన ముక్కలు మనం ఎంచుకున్నవి కావు, ఆట మాత్రం మనదే. అయిదేళ్ల తర్వాత ఆయన వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్) అయ్యారు. పోలిక అందమైనదే గాని, ఆడేవాడి తెలివీ తెగువా కూడా పంచిన ముక్కల్లోవేనా అన్న ప్రశ్నను అది దాటేసిందని నాకనిపిస్తుంది.

పడమటి దేశాల్లో ఈ ప్రశ్న దేవుడి సర్వజ్ఞత నుంచి భౌతికశాస్త్రానికి మారింది. విశ్వంలోని ప్రతి కణం స్థితీ తెలిసిన మేధకు భవిష్యత్తు కూడా కళ్లముందే ఉంటుందని ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1814లో రాశాడు. నియతమైనదంతా ముందే తెలుస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. తొలి కొలతలో రవ్వంత తేడా ఉన్నా, గాలి నడక కొన్నాళ్లకు పూర్తిగా మారిపోతుందని 1963లో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ చూపించాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటబోతోందని కొద్ది రోజుల ముందే చెప్పగలిగారు. నెలల ముందు ఎవరూ చెప్పలేరు.

1983లో అమెరికన్ నాడీశాస్త్రవేత్త లిబెట్ ప్రయోగంతో తగవు మెదడులోకి చేరింది. మణికట్టు కదపాలన్న కోరిక తెలియడానికి మూడో వంతు సెకను ముందే మెదడులో విద్యుత్ సన్నాహం మొదలైందని తేలింది. అయినా చివరి క్షణంలో వద్దనుకునే శక్తి మనిషికి మిగిలే ఉందని లిబెటే వాదించాడు. ఆ సన్నాహం నిర్ణయం కాకపోవచ్చు, మెదడులోని యాదృచ్ఛిక హెచ్చుతగ్గులే అలా కనిపిస్తూ ఉండవచ్చు అని 2012లో షుర్గర్ బృందం ప్రతిపాదించింది.

న్యాయస్థానాలు ఈ తీర్పు కోసం ఆగలేదు. చేసే పని ఏమిటో, అది తప్పో కాదో మతిస్థిమితం లేక గ్రహించలేనివాడికి 1860 నాటి శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే 22వ సెక్షన్‌గా కొనసాగుతోంది. తలరాత అలా ఉందన్న వాదనకు రెండింటిలోనూ చోటు లేదు.