అటక మీద దొరికిన వాల్వులు

గుంటూరు బ్రాడీపేటలో మా పెదనాన్నగారికి మైకు సెట్ల వ్యాపారం ఉండేది. పెళ్లిళ్లకీ, శ్రీరామనవమి పందిళ్లకీ వాల్వు ఆంప్లిఫయర్లే వెళ్లేవి. మొన్న వేసవిలో ఇల్లు సర్దుతుంటే అటక మీద ఒక అట్టపెట్టె దొరికింది. అందులో పాత పేపర్లలో చుట్టిన 4 ఈఎల్34 రకం వాల్వులు, ఒక్కసారి కూడా వాడనివి. ఆత్రం ఆపుకోలేక ఒక జత తీసి నేరుగా ఆంప్లిఫయర్‌లో పెట్టి స్విచ్ వేశాను. కాసేపటికే ఒకదాని లోపల ఉండే ప్లేటు అనే లోహపు రేకు కొలిమిలో ఇనుములా ఎర్రబడింది. లోపల ఊదారంగు వెలుగు నిండింది. నేను స్విచ్ ఆపేలోపే ఆ వాల్వు పోయింది.

దానికి కారణం లోపల చేరిన వాయువు. గాలి తీసేసి మూసిన గాజు బుడ్డే వాల్వు. మధ్యలో సన్నని నికెల్ గొట్టం, దాని మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల తెల్లటి పూత. ఇదే కాథోడ్. లోపలి హీటర్ దాన్ని సుమారు 750 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిస్తే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి, ప్లేటు వాటిని లాక్కుంటుంది. ఎన్ని వెళ్లాలో మధ్యలో ఉన్న గ్రిడ్ అనే తీగల చుట్ట చూసుకుంటుంది.

ఏళ్ల తరబడి మూల పడి ఉంటే లోహం నుంచి, మైకా నుంచి, గాజు నుంచి వాయువు కొద్దికొద్దిగా ఊరుతుంది. ఎలక్ట్రాన్లు ఆ అణువులను ఢీకొడితే ధనావేశం ఉన్న అయాన్లు పుడతాయి. గ్రిడ్‌ది రుణావేశం కాబట్టి అవి దాని మీదికి చేరతాయి. గ్రిడ్‌కు బయాస్, అంటే దాన్ని రుణావేశంలో ఉంచే వోల్టేజీ, అందించే రెసిస్టర్ 470 కిలో ఓమ్‌లు అనుకుందాం. 2 మైక్రో ఆంపియర్లు పారినా దాదాపు 1 వోల్టు బయాస్ తగ్గిపోతుంది. బయాస్ తగ్గితే కరెంటు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, ఆ వేడికి ఇంకా వాయువు వస్తుంది. నా వాల్వు ప్రాణం తీసింది ఈ చక్రమే.

దీనికి మందు వాల్వులోనే ఉంది. గాజు లోపలివైపు అద్దంలా మెరిసే మచ్చ కనిపిస్తుంది చూడండి, దాన్ని గెట్టర్ అంటారు. అది పలుచటి బేరియం పొర, దొరికిన వాయువును పట్టి ఉంచుతుంది. ఆ మచ్చ పాలలా తెల్లబడితే గాలి చొరబడినట్టే, ఆ వాల్వు మీద ఆశ వదులుకోవాలి. మెరుపు ఉంటే మాత్రం ఓపిక పట్టడం దండగ కాదు.

అందుకే రెండో జతకు మొదటి రోజు హీటర్ 6.3 వోల్టులు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. ఆ వేడికి వాయువు బయటపడుతుంది, గెట్టర్ దాన్ని మింగుతుంది. కాథోడ్ పూతలో స్వేచ్ఛా బేరియం, అంటే ఆక్సిజన్‌తో కలవని బేరియం, మళ్లీ ఉపరితలానికి చేరుతుంది. రాత్రి ఒకసారి కరెంటు పోయింది. చీకట్లో ఆ నారింజ రంగు కణకణ మెల్లగా ఆరిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు వేరియాక్‌తో, అంటే వోల్టేజీని మెల్లగా పెంచుకునే ట్రాన్స్‌ఫార్మర్‌తో, ప్లేటుకు 100 వోల్టులు, గంట గడిచాక 200, అలా 400 దాకా పెంచాను. ఈ వోల్టేజీ ప్రాణాలు తీస్తుంది. ఆపాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది, దాన్ని ఖాళీ చేయనిదే చెయ్యి పెట్టకూడదు. గ్రిడ్ రెసిస్టర్ మీద మీటరు మొదట 0.9 వోల్టులు చూపించింది, సాయంత్రానికి 0.1కి దిగింది, అంటే వాయువు చాలావరకు తగ్గినట్టే.

హీటర్ ఒక్కటే పెట్టి వారాల తరబడి వదిలేయడమూ తప్పే. నికెల్‌లోని సిలికాన్ పూతతో కలిసి, కరెంటుకు అడ్డుపడే పొర కడుతుంది.

కొత్త వాల్వులకు ఇంత అవసరం లేదు, ఫ్యాక్టరీలోనే వేడెక్కించి, నడిపి చూసి పంపుతారు. మొదటి రోజు వాడాక బయాస్ మళ్లీ చూసుకుంటే చాలు. 200 గంటలు వాడితేనే స్వరం తీపెక్కుతుందని కొందరంటారు. నాకు తెలిసి అన్ని గంటల్లో ఎక్కువగా మారేది మన చెవి అలవాటే.

మొదటి జతలో బతికిన వాల్వు ఇప్పుడు హీటర్ మీద ఉంది. రేపు సాయంత్రం దానికి 100 వోల్టులు ఇస్తాను.