ఇసుక నేలకు తగిన హికరీ

అక్రోటు కుటుంబానికి చెందిన హికరీ చెట్లలో ఎక్కువ జాతులు ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతానివే. వాటిలో కొన్ని తేమ నిలిచే సారవంతమైన నేలను కోరుకుంటాయి. సాండ్ హికరీ, అంటే శాస్త్రీయంగా కార్యా పాలిడా, మాత్రం నీరు నిలవని ఇసుక మిట్టల మీద ఓక్, పైన్ చెట్ల సరసన పెరుగుతుంది. న్యూజెర్సీ దక్షిణ భాగం నుంచి ఫ్లోరిడా ఉత్తర భాగం వరకు, పడమట లూసియానా దాకా ఇది సహజంగా కనిపిస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగువారు పెరటి ఇసుకను ఎరువులతో మార్చే శ్రమ పడేకంటే, ఆ నేలకే అలవాటుపడిన ఈ చెట్టును పెంచుకోవడం మేలు.

ఆకును తిప్పి చూస్తే చెట్టును పోల్చుకోవచ్చు. ఒక్కో కాడకు సాధారణంగా 7 చిన్నాకులుంటాయి. లేత ఆకుల అడుగున వెండిలా మెరిసే సన్నని పొలుసులు, కాడ పొడవునా కుచ్చులుగా నూగు కనిపిస్తాయి.

శరదృతువులో రాలిన కాయల తొక్క తీసి నీళ్లలో వేస్తే, పురుగు తిన్నవీ పప్పు పట్టనివీ చాలావరకు పైకి తేలుతాయి. మునిగిన గింజలను తడి ఇసుకలో కలిపి 3, 4 నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి, ఎందుకంటే చలికాలం గడిచినట్టు తోచనిదే అవి సరిగా మొలకెత్తవు. అంతకంటే మంచి పద్ధతి, శరదృతువులోనే చెట్టు ఉండవలసిన చోట రెండంగుళాల లోతున విత్తి, ఉడుతలు తవ్వకుండా పైన ఇనుప వల కప్పడం.

ఉన్నచోటే విత్తమనడానికి కారణం తల్లివేరు. ఇసుకలో వాన నీరు త్వరగా కిందికి ఇంకి, పై పొర ఎండిపోతుంది గనుక, మొలక గింజలోని ఆహారాన్ని ముందుగా వేరుకే ఖర్చుచేస్తుంది. మొదటి ఏడాది చివరికి పైన జానెడు కొమ్మయినా లేని మొక్కకు కింద దానికి ఎన్నో రెట్ల పొడవైన వేరు ఉండవచ్చు. చిన్న కుండీలో ఆ వేరు చుట్టలు చుట్టుకుంటుంది. తవ్వి మరోచోట నాటితే తెగిపోయి, మొక్క ఏళ్ల తరబడి కోలుకోదు. కుండీ తప్పనిసరైతే లోతైనదే వాడి, త్వరగా నేలలోకి మార్చాలి.

మొదటి రెండు వేసవుల్లో రోజూ కాస్త చిలకరించకుండా, అప్పుడప్పుడు లోతుగా తడిసేలా నీరు పెట్టాలి. మొక్క చుట్టూ గడ్డి పెరగనివ్వకూడదు. ఎదుగుదల లేదని ఎరువు గుప్పించడం అనవసరం. హికరీలు కాపుకు రావడానికి సాధారణంగా దశాబ్దాలు పడుతుంది. మగ, ఆడ పూలు ఒకే చెట్టు మీద విడివిడిగా పూసి, గాలి ద్వారా పరాగసంపర్కం జరుగుతుంది కాబట్టి, చోటుంటే రెండు మూడు చెట్లను దగ్గరలో పెంచడం కాపుకు మంచిది.